బృందమంతటికీ ఒకే కోడ్ శైలి: ఈఎస్‌లింట్, ప్రెట్టియర్ అమరిక

మడికొండ ఐటీ పార్కులో ఇద్దరు, హనుమకొండలో ఇంటి నుంచి మరో ఇద్దరు ఒకే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుపై పనిచేస్తున్నప్పుడు, శైలి నియమాలు ఎవరి ఎడిటర్‌లో వారికి ఉండకూడదు. అవి అందరూ పంచుకునే కోడ్ నిల్వ అయిన రిపాజిటరీలోనే ఉండాలి. ముందుగా కోడ్ అమరికను సరిచేసే ప్రెట్టియర్‌ను, కోడ్‌లోని తప్పులను పట్టే ఈఎస్‌లింట్‌ను డెవ్ డిపెండెన్సీలుగా, అంటే అభివృద్ధి సమయంలో మాత్రమే వాడే ప్యాకేజీలుగా చేర్చి, ప్రెట్టియర్‌ను కచ్చితంగా ఒకే వెర్షన్‌కు పరిమితం చేయాలి, ఎందుకంటే వెర్షన్ మారితే వరుసల అమరిక కూడా మారవచ్చు. వరుస పొడవుకు డిఫాల్ట్‌గా ఉన్న 80 అక్షరాలనే ఉంచుకోవడం మేలు. దానిపై వాదనకు సమయం వెచ్చించడం తగదు. రెండింటి నియమాలూ ఢీకొనకుండా, ఈఎస్‌లింట్ కాన్ఫిగ్ ఫైలులో చివరన, ఢీకొనే ఈఎస్‌లింట్ నియమాలను ఆపివేసే ‘ఈఎస్‌లింట్-కాన్ఫిగ్-ప్రెట్టియర్’ను చేర్చాలి.

విండోస్, లినక్స్ రెండూ వాడే బృందంలో అసలు చిక్కు లైన్ ఎండింగ్‌లతోనే (వరుస ముగింపును సూచించే, కంటికి కనిపించని గుర్తులతోనే) వస్తుంది: ఒక్క వరుస మార్చినా, మార్పులను చూపే డిఫ్‌లో ఫైలంతా మారినట్లు కనిపించి, రివ్యూ చేసేవారికి అసలు మార్పు దొరకదు. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ సాధనం చదివే గిట్ఆట్రిబ్యూట్స్ ఫైలులో టెక్స్ట్ ఫైళ్లన్నింటికీ లినక్స్ వాడే ముగింపు గుర్తు ఎల్ఎఫ్‌ను నిర్దేశించాలి.

పాత కోడ్ మొత్తాన్నీ ఒకే ప్రత్యేక కమిట్‌లో (గిట్‌లో ఒకసారి నమోదు చేసే మార్పుల్లో) ఫార్మాట్ చేసి, ఆ కమిట్ గుర్తింపు సంఖ్య అయిన హ్యాష్‌ను, ప్రతి వరుసనూ చివరిగా ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్ విస్మరించాల్సిన జాబితాలో రాయాలి. లేకుంటే మారిన ప్రతి వరుసకూ ఫార్మాట్ చేసినవారి పేరే కనిపిస్తుంది. కమిట్ సమయంలో తనంతట తానే నడిచే తనిఖీని (కమిట్ హుక్‌ను) ఎవరైనా దాటవేయవచ్చు కనుక, సర్వర్‌లో నడిచే ఆటోమేటిక్ తనిఖీ అయిన సీఐలో ప్రెట్టియర్ చెక్ విఫలమైతే ఆ మార్పు ప్రధాన కోడ్‌లో కలవకుండా (మెర్జ్ కాకుండా) ఆపాలి.