చదువూ స్నేహాలూ – మూడవ పాఠం: సెమిస్టరును ముందే లెక్కవేయడం

గత పాఠంలో వారపు పట్టిక వేసుకున్నాం. దానిని పాటించి చూసినవారికి ఒక చిక్కు ఎదురయ్యే ఉంటుంది: అన్ని వారాలకూ ఒకే బరువు ఉండదు. మిడ్ పరీక్షల (సెమిస్టరు నడుమ రెండుసార్లు జరిగే అంతర్గత పరీక్షల) వారంలో గంటసేపు కబుర్లు కూడా భారమే. అవి ముగిసిన మరుసటి వారం రెండు మూడు సాయంత్రాలు అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో తిరిగినా నష్టం లేదు. అందుచేత ఈసారి సెమిస్టరు మొత్తాన్నీ ఒకేసారి చూద్దాం.

మొదట హాజరు. జేఎన్‌టీయూ అనంతపురం (సాంకేతిక విశ్వవిద్యాలయం) ఆర్20 నియమావళిలో, అంటే 2020–21 నుంచి చేరిన బీటెక్ విద్యార్థులకు పెట్టిన నిబంధనల్లో, అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు తప్పనిసరి. 65కూ 75కూ మధ్య ఉన్నవారు తగిన కారణం చూపి మినహాయింపు కోరవచ్చు. 16 వారాల సెమిస్టరులో వారానికి 3 తరగతులు జరిగే సబ్జెక్టుకు 48 తరగతులు వస్తాయి కనుక, ఒక్కో సబ్జెక్టులోనూ అదే 75 శాతం పాటిస్తే మానడానికి వీలున్నవి 12. జ్వరానికైనా, అక్క పెళ్లికైనా, కదిరి నరసింహస్వామి తేరుకైనా ఈ పన్నెండులోంచే తీయాలి. తేరు ఫాల్గుణంలో, అంటే సాధారణంగా సెమిస్టరు నడుస్తుండగానే వస్తుంది కాబట్టి, ఆ వైపు విద్యార్థులు ముందుగానే రెండు మూడు తరగతులు దానికి విడిచిపెట్టుకోవడం మంచిది.

మిడ్ లెక్క ఇంకా ఆసక్తికరమైనది. రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం విలువ ఇస్తారు. కాలేజీ ఫెస్ట్ పనుల్లో పడి మొదటి మిడ్‌లో 30కి 12 తెచ్చుకున్న విద్యార్థి, రెండవదానిలో 27 సాధిస్తే, 21.6, 2.4 కలిసి అతనికి 24 వస్తాయి. ఒక మిడ్ జారినంత మాత్రాన కొంప మునగదన్నమాట. అయితే దీన్ని ముందే ధీమాగా పెట్టుకోవడం ప్రమాదం, ఎందుకంటే రెండవ మిడ్ వెనకాలే సెమిస్టరు పరీక్షలు, ల్యాబ్ రికార్డులు, వైవాలు వరుసకడతాయి. స్నేహితులతో తిరగాలన్నా, ఫెస్ట్‌లో పనిచేయాలన్నా మొదటి మిడ్ తర్వాతి వారాలే అనువైనవని నా అభిప్రాయం.

ఇక పిలిచినవారికి ఏమని చెప్పాలి? ఉత్త "రాలేను" అంటే మనసు నొచ్చుకుంటుంది. "ఈ శనివారం వద్దులేరా, మిడ్ అయినాంక ఆదివారం పొద్దున ఉగ్గాని బజ్జీకి నేనే పిలుస్తా" అంటే ఎవరూ నొచ్చుకోరు. కానీ ఆ ఆదివారాన్ని అప్పటికప్పుడే క్యాలెండర్‌లో రాసుకోవాలి, లేకుంటే రెండోసారి మాట నమ్మరు. హాస్టల్లో అర్ధరాత్రి జరిగే పుట్టినరోజులను మాత్రం ఈ లెక్కలో కలపకండి. వాటిని తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు, మర్నాటి మొదటి తరగతిని కాపాడుకుంటే చాలు.

అభ్యాసం: మీ విద్యా క్యాలెండర్‌లో రెండు మిడ్‌లనూ, వాటికి ముందున్న వారాలనూ ఎర్ర సిరాతో గుర్తించండి. తప్పక ఊరికి వెళ్లవలసిన తేదీలు రాసి, ఒక్కో సబ్జెక్టులో ఎన్ని తరగతులు పోతాయో పక్కన వేయండి. మిగిలిన ఖాళీ వారాల్లో స్నేహితులకు రెండు తేదీలు ఇప్పుడే మాటివ్వండి. వచ్చే పాఠానికి ఈ కాగితం అవసరమవుతుంది.