ఫేక్ న్యూస్ పరిశోధనను ఎలా చదవాలి

డిగ్రీ పిల్లలకు నేను మొదట చదివించేది 2018లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఎంఐటీ పరిశోధన. "అబద్ధం ఆరు రెట్లు వేగం" అన్న మాట పుట్టింది అక్కడే. ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోకండి.

ముందు, దేన్ని లెక్కపెట్టారో చూడండి. 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో సుమారు 30 లక్షల మంది పంచిన కథనాలు అవి. వాట్సాప్ ఇందులో లేదు, కాబట్టి మన ఫ్యామిలీ గ్రూపులకు ఈ అంకెను నేరుగా అతికించకండి.

వాటిని ఎలా ఎంచుకున్నారు? పిల్లలు దాటేసేది ఇక్కడే, నాకు బాధ కలిగేదీ ఇక్కడే. ప్రధాన లెక్కలో ఉన్నవి ఆరు ఫ్యాక్ట్‌చెక్ సంస్థలు (వార్త నిజమో కాదో తేల్చేవి) పరిశీలించిన కథనాలే. ఆ ఎంపిక వల్లే ఫలితం ఇలా వచ్చిందేమోనని, ఆ సంస్థలు ముట్టని కథనాలను విద్యార్థుల చేత విడిగా పరిశీలింపజేసి మళ్లీ లెక్క చూశారు. ఫలితం మారలేదు. మీరు చదివే ప్రతి పేపర్లో ఇలాంటి రెండో పరీక్ష ఉందా అని వెతకండి.

ఇక "ఆరు రెట్లు". 1,500 మందికి చేరడానికి అబద్ధపు వార్తతో పోలిస్తే నిజమైన వార్తకు సుమారు ఆరు రెట్ల సమయం పట్టిందని అసలు వాక్యం. దాని కింద పెన్సిల్‌తో గీత గీయండి.

బాట్‌ల (మనిషి బదులు ప్రోగ్రామ్ నడిపే ఖాతాల) భాగం వదలకండి. అవి నిజాన్నీ అబద్ధాన్నీ ఒకేలా పెంచాయి, తేడా తెచ్చింది మనుషులు.