వ్యాసం బాగుంది, మార్కులు రాలేదు: ముందు ప్రశ్న కాగితం తీయండి

"రాత బాగుంది, తప్పులు లేవు, నాలుగు పేజీలు నింపాను, అయినా పదికి నాలుగే వేశారు మేడమ్." గుంటూరు బ్రాడీపేటలో వ్యాసరచన నేర్పే నేను ఏటా ఎన్నోసార్లు వినే మాట ఇది. వాళ్లు తెచ్చే కాగితాల్లో వ్యాసం ఉంటుంది, ప్రశ్న ఉండదు. ప్రశ్న ఏంటమ్మా అంటే "చీరాల–పేరాల ఉద్యమం మీద మేడమ్" అంటారు. ఆ "మీద" దగ్గరే అసలు జబ్బు ఉంది. దాని సంగతి చెప్పేముందు చిన్నవి రెండు చూసేద్దాం.

సమస్య: మొదటి పేరా అయిపోయినా ఇది దేని గురించో తెలియదు.
"నేటి ఆధునిక యుగంలో" అని మొదలుపెట్టే ఎత్తుగడ ఏ వ్యాసానికైనా అతుకుతుంది, అందుకే దేనికీ పనికిరాదు. ఆ పేరాకి చెయ్యి అడ్డం పెట్టి రెండో పేరా నుంచి చదవండి. ఏమీ తగ్గినట్టు అనిపించకపోతే కొట్టేయండి.

సమస్య: గుర్తుపెట్టుకున్న సంవత్సరం సరైనదే, కానీ ఎర్ర గీత పడింది.
ఏడాది సరైనదే, తగిలించింది వేరే దానికి. విజయవాడ పిల్లల వ్యాసాల్లో "ప్రకాశం బ్యారేజిని 1855లో కట్టారు" అనే వాక్యం నేను లెక్కలేనన్నిసార్లు దిద్దాను. 1855లో పూర్తయింది కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో కట్టిన పాత ఆనకట్ట. దానికి 1952లో గండి పడ్డాక కొత్తది మొదలుపెట్టారు. ఇప్పుడు మనం దాటే బ్యారేజి 1957లో పూర్తయింది. ప్రకాశం పంతులు గారి పేరు పెట్టింది దీనికే. ప్రతి ఏడాది పక్కన "ఏది?" అని ఒక్కసారి అడుక్కుంటే ఈ తప్పు అక్కడే దొరుకుతుంది.

ఇక అసలుది.

సమస్య: రాసిందంతా నిజమే, మార్కులు మాత్రం సగం కూడా రాలేదు.

దీనితో నేనూ దెబ్బతిన్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు పోటీలో రాసిన వ్యాసం తెచ్చి చూపించింది. పేరా పేరాకీ ఏడాది కింద ఆకుపచ్చ స్కెచ్‌తో గీత. విషయం తక్కువైందేమో అనుకుని ఇంకా చదవమన్నాను. పాపం చదివింది. రెండోసారి ఆరు పేజీలు రాసింది, మార్కులు ఇంకా తగ్గాయి. అప్పుడు గానీ నాకు ప్రశ్న కాగితం అడగాలని తోచలేదు. ప్రశ్న ఇది: "చీరాల–పేరాల ప్రజలు ఊళ్లు వదిలి వెళ్లడం ఎంతవరకు ఫలించింది? చర్చించండి." తమ ఊళ్లను మున్సిపాలిటీ చేయొద్దని బ్రిటిష్ కాలంలో ఆ జనం చేసిన ఉద్యమం ఇది.

ఆమె వ్యాసంలో ఒక్కో పేరా మొదటి వాక్యం ఇలా ఉంది. ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1889లో పెనుగంచిప్రోలులో పుట్టారు. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివారు. రామదండును (స్వచ్ఛంద సేవకుల దళం) స్థాపించారు. ఆయనకు ఆంధ్రరత్న అనే బిరుదు ఉంది. ఒక్కటీ తప్పు కాదు. ఒక్కటీ అడిగినదానికి జవాబు కాదు. పిల్ల ప్రశ్నలో "చీరాల" అన్న మాట చూసి, ఇంట్లో తయారుచేసుకున్న వ్యాసం దించేసింది. "ఎంతవరకు" అన్న మాట ఆమె కంటికి ఆనలేదు. వ్యాసం ఒక్కటే చూస్తూ దిద్దాను కాబట్టి నాకూ ఆనలేదు. బాగా చదివే పిల్లలకే ఇది ఎక్కువ వస్తుంది, ఎందుకంటే దించడానికి వాళ్ల దగ్గర సరుకు ఉంటుంది.

తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ప్రశ్న బయటికి చదవండి. వెంటనే ప్రతి పేరా మొదటి వాక్యం మాత్రం చదవండి. ఇంట్లో అమ్మ ఆ ప్రశ్న అడిగితే మీరు ఈ వాక్యంతో జవాబు చెప్తారా? చెప్పరు అనిపిస్తే ఆ పేరా దారి తప్పింది.

పరిష్కారానికి కొత్త విషయం అక్కర్లేదు. ఉన్నదాన్నే ప్రశ్న వైపు తిప్పాలి. "రామదండును స్థాపించారు" అన్నదాన్ని మేమిద్దరం కూర్చుని ఇలా మార్చాం: "ఊళ్లు వదిలిన జనం పాకలు వేసుకున్న రామ్‌నగర్‌లో దాదాపు 11 నెలలు నిలబడగలిగారంటే అందులో రామదండు శ్రమ ఉంది." ఇది ఫలించిన వైపు. రెండో వైపు కూడా కావాలి: నాయకుడు జైలుకి వెళ్లారు, పాకల్లో బతుకు కష్టమైంది, జనం తిరిగి వచ్చారు, మున్సిపాలిటీ నిలిచింది. పుట్టిన ఊరు, ఎడిన్‌బరో చదువు తీసేశాం. ఆ అమ్మాయికి ప్రాణం ఒప్పలేదు. కష్టపడి నేర్చుకున్నది కొట్టేయాలంటే బాధే, నాకు తెలుసు. కానీ ఉంచితే అసలు జవాబు వాటి కింద కనపడదు.

సైన్స్‌లో ఇదే జబ్బు ఇంకోలా వస్తుంది. "మిర్చి మంట నీళ్లు తాగితే ఎందుకు తగ్గదు?" అని అడిగితే మన గుంటూరు పిల్లలు మిర్చి యార్డు, తేజ, సన్నం రకాలు, 1912 నాటి స్కోవిల్ కొలమానం అన్నీ రాస్తారు. ఆ కొలమానం మంట ఎంత అని చెప్తుంది, ఎందుకు అని చెప్పదు. అడిగింది ఎందుకు అని. మిర్చిలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. నాలుక మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. దాదాపు 43 డిగ్రీల వేడికి స్పందించే గ్రాహకం కూడా అదే కాబట్టి మెదడు దీన్ని కాలినట్టే తీసుకుంటుంది. పాలు, పెరుగులో ఉండే కేసిన్ అనే ప్రొటీన్, కొవ్వు క్యాప్సైసిన్‌ని అక్కడినుంచి లాగేస్తాయి. ఈ నాలుగు మాటలు ఉంటే యార్డు గురించి ఒక్క ముక్క లేకపోయినా వ్యాసం నిలుస్తుంది.

కళల ప్రశ్నల్లో "పోల్చండి" అన్నప్పుడు చూడండి. అమరావతి శిల్పం రెండు పేజీలు, గాంధార శిల్పం రెండు పేజీలు రాస్తారు. అవి రెండు వ్యాసాలు, పోలిక ఎక్కడా లేదు. ఒక్కో పేరాలో ఒక్కో అంశం తీసుకుని రెండిటినీ పక్కపక్కన పెట్టండి. రాయి: అమరావతిది లేత రంగు సున్నపురాయి (పాలరాయి అని రాయకండి), గాంధారలో ఎక్కువగా షిస్టు అనే బూడిదరంగు రాయి. బుద్ధుడు: అమరావతి తొలి శిల్పాల్లో పాదాలు, ఖాళీ ఆసనం, బోధివృక్షం ఆయనకు గుర్తులు, మనిషి రూపం తర్వాత వచ్చింది. గాంధారలో గ్రీకు, రోమన్ పద్ధతిలో మడతల వస్త్రంతో మనిషిగానే కనిపిస్తాడు.

దిద్దినవాళ్లు పొరపడ్డారనీ, అదనపు కాగితం ఊడిపోయిందనీ కొందరు టెన్షన్ పడతారు. నేను చూసినవి రెండో మూడో. ప్రశ్న కాగితం పక్కన పెట్టుకుని చూశాకే అటు వెళ్లండి.

పరీక్ష హాల్లో చివరి ఐదు నిమిషాలు మిగిలితే కొత్త పేరా మొదలుపెట్టకండి. ప్రశ్నలో "ఎందుకు", "ఎంతవరకు", "పోల్చండి" ఏది ఉందో దాని కింద పెన్సిల్‌తో గీత గీసి, పేరాల మొదటి వాక్యాలు మాత్రం సరిచేయండి.