బొంతలు కుట్టడానికి తక్కువ ధరలో కుట్టుమిషన్ ఎలా ఎంచుకోవాలి?

జాకెట్లు, లంగాలు కుట్టే మిషన్ మీద బొంత కూడా కుట్టొచ్చు. కానీ బొంత కోసమే మిషన్ కొనేటప్పుడు చూడాల్సినవి వేరు. డబ్బా మీద నలభై రకాల డిజైన్ కుట్లు అని రాసి ఉంటే దానికి డబ్బు పెట్టకండి. బొంతకు తిన్నని సాదా కుట్టు ఒక్కటే కావాలి. ఆరు పొరల బట్టలో సూది ఆగకుండా దిగాలి, బట్టను పైనుంచి నొక్కి పట్టే ఫుట్ పైకి బాగా లేవాలి, దాని కింద బట్టను ముందుకు జరిపే పళ్లు గట్టిగా లాగాలి.

1. ముందు బొంత లెక్క చూసుకోండి

మామూలు చీర 5.5 మీటర్లు. రెండు పాత నూలు చీరలను పొడవులో సగానికి మడిచి ఒకదాని మీద ఒకటి వేస్తే నాలుగు పొరలు, దాదాపు 9 అడుగుల పొడవు, 3 అడుగుల 9 అంగుళాల వెడల్పు వస్తుంది. ఒక మనిషికి సరిపోయే బొంత ఇదే. మూడు చీరలైతే ఆరు పొరలు. ఈ మందం వరకు ఇంటి మిషన్ ఏదైనా కాస్త బాగున్నదైతే కుడుతుంది. మధ్యలో దూది పరిచి ఇద్దరికి సరిపడా కుట్టాలనుకుంటే మాత్రం ఇబ్బంది మందంతో కాదు, జాగాతో. సూదికి, మిషన్ కుడి కంబానికి మధ్య ఇంటి మిషన్లలో ఆరు అంగుళాలు, అంతకు కొంచెం ఎక్కువ ఉంటుంది. నడుమ వరుస కుట్టేటప్పుడు సగం బొంత చుట్ట చుట్టి ఆ సందులోనే దూర్చాలి. చీరల బొంత చుట్ట అందులో సులువుగా పడుతుంది. దూది పెట్టిన పెద్ద బొంత ఇరుక్కుని పళ్లకు లాగడానికి రాదు, కుట్లు చిన్నవై ఒకేచోట కుప్ప పడతాయి.

2. ఏ రకం మిషన్?

ఆన్‌లైన్లో రెండు వేల లోపు దొరికే అరచేతి మిషన్లు, బొమ్మలాంటి మినీ మిషన్లు బొంతకు పనికిరావు. రెండు పొరలు దాటగానే మోటారు మూలుగుతుంది.

ఉషా, సింగర్, బ్రదర్ కంపెనీల తేలికపాటి కరెంటు మిషన్లు జిగ్‌జాగ్, కాజా కూడా కుడతాయి. జాకెట్ పని, పికో కూడా చేసేవాళ్లకు అవి మంచివే. నాలుగు పొరలు కుడతాయి, ఆరు పొరల మీద మెల్లగా నడపాలి. బరువు తక్కువ కాబట్టి పెద్ద బొంత లాగుతుంటే మిషనే బల్ల మీద జరుగుతుంది.

బొంతల కోసమే అయితే కాలితో తొక్కే పాత రకం నల్ల మిషన్ తీసుకోండి. హెడ్, అంటే స్టాండు మీదుండే మిషన్, పోత ఇనుముది, పది కిలోల పైనే ఉంటుంది, కదలదు. కరెంటు పోయినా పని ఆగదు. సూదిని ఒక్కో కుట్టుగా దించాల్సిన చోట కాలికి వచ్చినంత పట్టు మోటారు పెడల్‌కు రాదు. తరువాత కావాలంటే చిన్న మోటారు బిగించుకోవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, వనపర్తి లాంటి పట్టణాల్లో టైలర్లు పవర్ మిషన్లకు (పెద్ద మోటారుతో వేగంగా నడిచే ఫ్యాక్టరీ రకానికి) మారేటప్పుడు ఈ నల్ల మిషన్లు అమ్మేస్తుంటారు, అడిగి చూడండి. పవర్ మిషన్ మాత్రం ఇంటికి వద్దు. దాని వేగం బొంతకు అక్కర్లేదు, జాగా ఎక్కువ తింటుంది.

3. ఉత్త చేతులతో దుకాణానికి పోవద్దు

దుకాణంలో ఒక్క పొర కాటన్ ముక్క మీద కుట్టి చూపిస్తారు. దాని మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. మీ పాత చీర నుంచి అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్కలు ఆరు కత్తిరించి తీసుకుపోండి. 16 నంబర్ సూదులు రెండు, మీరు వాడే దారం కూడా దగ్గర పెట్టుకోండి.

ముందు దారం లేకుండా చక్రాన్ని చేత్తో మీ వైపుకు తిప్పండి. ఒక చుట్టు మొత్తం ఒకే బరువుతో తిరగాలి. ఒకచోట పట్టేసి తరువాత వదిలేస్తే లోపల దారం పోగులు చిక్కుకుని ఉండొచ్చు, లేదా షటిల్ (కింది దారాన్ని పై దారంతో కలిపే భాగం) అరిగి ఉండొచ్చు. సూది గడను రెండు వేళ్లతో పట్టి పక్కలకు ఊపండి. టకటకమని ఆడితే ఆ మిషన్ మందం బట్టలో కుట్లు వదిలేస్తుంది.

తరువాత ఆరు పొరలు పెట్టి కుట్టించండి. పై ముక్కకు, కింది ముక్కకు అంచులు సరిగ్గా కలిపి మొదలుపెట్టి అడుగు పొడవు కుట్టాక చివర చూడండి. పై పొర కొంచెం ముందుకు జరగడం మామూలే. అర అంగుళం దాటి జరిగితే ఫుట్ ఒత్తిడి ఎక్కువైనట్టు. పైనున్న ఒత్తిడి స్క్రూ వదులు చేయించి మళ్లీ కుట్టించండి. అప్పటికీ అంతే జరిగితే పళ్లు అరిగి ఉంటాయి. వేలితో తాకండి. మొనలు తగలాలి, నున్నగా ఉంటే మార్చాల్సిందే.

ఇప్పుడు బట్టను తిప్పి వెనుక చూడండి. వెనుక దారం ఉంగరాలు ఉంగరాలుగా వస్తే తప్పు కింద కాదు, పైన. ఫుట్ దించి ఉండగా దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకు పోదు. ఫుట్ ఎత్తి మళ్లీ ఎక్కించమనండి. దానితో సరైతే మిషన్‌కు ఏ రోగం లేదు. చివరగా ముక్కలను మడిచి, బొంత అంచు మడత అంత మందాన్ని, అంటే ఎనిమిది నుంచి పన్నెండు పొరలను, ఫుట్ కిందికి దూర్చి చూడండి. లివర్ ఎత్తినా దూరకపోతే అంచు చేత్తోనే కుట్టుకోవాల్సి వస్తుంది.

4. సెకండ్ హ్యాండ్ అయితే

పైన పెయింటు పోయినా ఫర్వాలేదు. సూది పడే రేకు రంధ్రం చుట్టూ గీతలు, గుంతలు ఉంటే దారం తెగుతూనే ఉంటుంది, కొత్త రేకు వేయించాలి. బాబిన్ డబ్బీ పెద్ద ఖర్చు కాదు. షటిల్ తుప్పు పట్టి ఉంటే మాత్రం ధర తగ్గించి అడగండి. మిషన్ బిగుసుకుందని వదిలేయకండి, చాలాసార్లు అది ఎండిపోయిన నూనె. కొబ్బరి నూనె పోసిన మిషన్లు ఇలాగే జిగటగా అవుతాయి. నూనె రంధ్రాల్లో కిరోసిన్ చుక్కలు వేసి, కాసేపు తిప్పి, తుడిచి, మిషన్ నూనె వేస్తే తేలిక పడుతుంది. స్టాండు ఊగుతుందా, తోలు బెల్టు జారుతుందా చూడండి. సాగిన బెల్టును అర అంగుళం కోసి క్లిప్ మళ్లీ వేస్తే చాలు.

5. మిగిలిన డబ్బు దేనికి?

వాకింగ్ ఫుట్‌కు. ఇది పై పొరను కూడా కింది పళ్లతో పాటు నడిపిస్తుంది. కొనే ముందు ఫుట్ దించి, దాని అడుగు నుంచి దాన్ని బిగించే స్క్రూ నడుమ వరకు కొలవండి. ముప్పావు అంగుళం దగ్గర ఉంటే లో షాంక్ రకం (బిగించే కాడ పొట్టిగా ఉండేది) సరిపోతుంది. దాని పక్కనున్న చీలిక సూదిని బిగించే స్క్రూ మీద కూర్చోవాలి. కొన్ని నల్ల మిషన్లలో ఆ స్క్రూ కుడివైపు ఉండదు, పళ్లు కూడా సన్నగా ఉంటాయి. అందుకే హెడ్ దగ్గరే బిగించి చూసి డబ్బులివ్వండి. కుదరకపోతే ఒత్తిడి తగ్గించి, దగ్గర దగ్గరగా కచ్చా కుట్టు (పొరలు జరగకుండా చేత్తో వేసే పెద్ద కుట్లు) వేసుకుంటే చీరల బొంతకు పని నడుస్తుంది.

నాలుగు పొరలకు 14 నంబర్ సూది, ఆరు పొరలకు 16, దూదికి కూడా 16. ప్రతి బొంతకు కొత్త సూది వేయండి. సూది పొడవాటి గాడి, దారం ఏ పక్క నుంచి ఎక్కుతుందో ఆ పక్కకు ఉండాలి. తిరగేసి పెడితే కుట్టే పడదు.

6. మొదటి బొంత

నారాయణపేట నూలు చీరల్లాంటివి బాగా కుదురుతాయి. గద్వాల చీరలైతే జరీ అంచు, పల్లూ కోసి తీసేయండి. జరీ తగిలితే సూది మొన మొద్దుబారుతుంది. పాలిస్టర్ చీర నూలు చీర మీద జారుతుంది, రెండూ కలపొద్దు.

నేల మీద పరిచి, ముడతలు లాగి, నాలుగంగుళాలకు ఒక వరుస చొప్పున కచ్చా కుట్టు వేయండి. మిషన్‌కు ఎడమ పక్కన, వెనుక అదే ఎత్తులో బల్లో, పెట్టెలు పేర్చిన పలకో పెట్టండి. బొంత బరువు కిందికి వేలాడితే సూది వంగి రేకుకు తగిలి విరుగుతుంది. మిషన్ దోషం అనుకునేవాటిలో ఇదొకటి. కుట్టు పొడవు 3 మి.మీ. పైన పెట్టుకోండి. నడుమ వరుస మొదట, తరువాత మూడేసి అంగుళాల దూరంతో కుడివైపు, ఆపైన ఎడమవైపు. అన్ని వరుసలూ ఒకే కొస నుంచి మొదలుపెట్టాలి. ఒకటి ఇటు ఒకటి అటు కుడితే వరుసల మధ్య బట్ట ఏటవాలుగా మెలి తిరుగుతుంది. చివర పొరలు ఎగుడుదిగుడైతే కత్తిరించి అంచు మడవండి.

ఈ కొలత బొంతకు వరుసలకే పైకి, కిందికి కలిపి దాదాపు వంద మీటర్ల దారం పోతుంది. బాబిన్లు మూడు నాలుగు ముందే చుట్టి పెట్టుకోండి. బాబిన్ మార్చినప్పుడల్లా రేకు కింద చేరిన పీచును బ్రష్‌తో తీసేయండి, నోటితో ఊదితే లోపలికి పోతుంది.