నాలుగు వైపులా కనిపించే చిన్న మొక్కల అక్వేరియం: వెనక భాగమే లేని తొట్టిని అమర్చడం

గోడకు ఆనించిన అక్వేరియంలో ఏది కనబడకూడదనుకున్నా వెనక్కి తోసేయొచ్చు. ఫిల్టరు పైపు, వైర్లు, ఆకులు రాలిన బోడి కాడలు, అందంగా లేని రాతి ముఖం అన్నీ అటు వెళ్లిపోతాయి. హాలు మధ్యలో పెట్టే తొట్టికీ, హాలుకూ డైనింగుకూ నడుమ అడ్డుగా పెట్టే తొట్టికీ ఆ చోటు ఉండదు. ఒకరి వెనక ఇంకొకరి ముందు అవుతుంది. అందుకే "ఎత్తు మొక్కలు వెనక, పొట్టివి ముందు" అన్న మామూలు సూత్రం ఇక్కడ పనిచేయదు. పని మధ్యలో మొదలై అంచులకు రావాలి.

జపాన్‌లో తకాషి అమానో ప్రాచుర్యంలోకి తెచ్చిన నేచర్ అక్వేరియం పద్ధతిలో చాలా అమరికలు ఎదురుగా కూర్చుని చూడటానికి చేసినవే. సాధారణంగా మూడు రకాలు చెబుతారు: రెండు పక్కలా ఎత్తు, మధ్య పల్లం; ఒక పక్క నుంచి మరో పక్కకు వాలు; మధ్యలో ఎత్తు, చుట్టూ పల్లం. నాలుగు వైపులా తెరిచి ఉన్న తొట్టికి మూడోదే నప్పుతుంది. పొట్టి వైపు గోడకు తగిలి మిగిలిన మూడు వైపులా కనబడితే రెండోది పెట్టుకోవచ్చు. అప్పుడు ఎత్తంతా గోడ దగ్గర, వాలు గదిలోకి.

తొట్టి, స్టాండు

ఇక్కడ లెక్కలన్నీ 45 సెంటీమీటర్ల ఘనాకారపు తొట్టికి. 8 మిల్లీమీటర్ల గ్లాసుతో కట్టించాలి. లెక్క ప్రకారం 91 లీటర్లు. మట్టి, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే నిలిచే నీళ్లు 65–70 లీటర్లే. స్టాండు కాకుండా మొత్తం బరువు 110 కిలోల దాకా వస్తుంది.

దుకాణాల్లో తేలిగ్గా దొరికేది 60×30×36 తొట్టి. రెండు పొడవు వైపులా కనబడాలంటే దాంతో ఇబ్బందే. 30 సెంటీమీటర్ల వెడల్పులో అటు ఇసుక, ఇటు ఇసుక పోగా మధ్యలో దిబ్బకు మిగిలేది జానెడు. దాని మీద మొక్కలు వరసలో నిలబెట్టినట్టే ఉంటాయి. వెడల్పు కనీసం 40 ఉంటేనే ఈ పని మొదలుపెట్టండి.

స్టాండు ఎత్తు 70–75 సెంటీమీటర్లుంటే కుర్చీలో కూర్చున్నవాళ్ల కంటికి దిబ్బ పైభాగం తగులుతుంది. గోడ ఆసరా లేదు కాబట్టి స్టాండు అడుగు తొట్టి కంటే కొంచెం వెడల్పుగా ఉంటే మంచిది. రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూడండి. గోడ దగ్గర తొట్టిలో నీటిమట్టం 3 మిల్లీమీటర్లు వంకరగా ఉన్నా ఎవరూ గమనించరు. ఇక్కడ నాలుగు అంచులూ ఒకేసారి కనబడతాయి, పైగా బరువు ఒక మూల మీదే పడుతుంది. తొట్టి కింద 5–10 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు తప్పనిసరి. కరెంటు వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా కట్టండి. అలా ఉంటే వైరు వెంట జారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోకుండా వంపు దగ్గరే కింద పడుతుంది.

కిటికీకి కనీసం 2 మీటర్ల దూరం ఉండాలి. వెనక ఫిల్ము అంటించిన తొట్టికి వెనక నుంచి ఎండ రాదు, దీనికి ఎటునుంచైనా వస్తుంది. ఎండ తగిలే గ్లాసుకు వారంలో పచ్చగా పాచి పట్టిందంటే మందులు కొనకండి, తొట్టి చోటు మార్చండి.

ముందు బల్ల మీద కట్టండి

45×45 అట్టముక్క కోసి బల్ల మీద పరిచి, రాళ్లూ దుంగా దాని మీద పేర్చి చూడాలి. తొట్టిలో చేతులు పెట్టి రాళ్లు తిప్పడం కష్టం, జారితే గ్లాసు పగులుతుంది. పేర్చాక చుట్టూ తిరిగి, కూర్చుని, నాలుగు వైపుల నుంచీ ఫోనులో ఫొటోలు తీయండి. కంటికి బాగానే ఉందనిపించినది ఫొటోలో మొద్దుగా తేలిపోతుంది.

రాయి ఎంపికలో ముఖ్యమైన సంగతి: చాలా రాళ్లకు ముఖం ఒకటే ఉంటుంది. ఒక వైపు గీతలు, గుంటలు, రెండో వైపు చప్పటి విరుగుడు. అలాంటిది ఇక్కడ సగం మందికి వీపు చూపిస్తుంది. ప్రతి రాయినీ అరచేతిలో తిప్పి, రెండు ముఖాలైనా బాగున్నవే ఏరండి. లేదా రెండు రాళ్లను వీపుకు వీపు చేర్చి ఒకే రాయిలా నిలబెట్టండి. ఒక పెద్దది, రెండు మధ్యవి, నాలుగైదు చిన్నవి చాలు, మొత్తం 8–10 కిలోలు.

మన దగ్గర దొరికే గ్రానైటు నీటిలో ఏమీ కలపదు, నిశ్చింతగా వాడొచ్చు. తాండూరు బండ, బేతంచెర్ల రాయి, కడప నల్లరాయి సున్నపురాళ్లు. చూడ్డానికి బాగుంటాయి కానీ నీటి కాఠిన్యం పెంచుతాయి. అనుమానమొస్తే ఆరుబయట, చేతికి గ్లవుజు వేసుకుని, బాత్రూమ్ యాసిడ్ ఒక చుక్క వేయండి. బుసబుసమని నురగ వస్తే ఆ రాయి వద్దు. నురగ రాకపోయినా బాగా కడిగాకే వాడాలి.

దుంగకు అన్ని దిక్కులకూ వేళ్లు చాచిన మొద్దు అయితే మంచిది. తలకిందులుగా పెడితే వేళ్లే కొమ్మలవుతాయి. వారం పది రోజులు నీళ్లలో నానబెట్టి మునిగాకే వాడండి.

శిఖరాన్ని సరిగ్గా మధ్యలో పెడితే నాలుగు వైపుల నుంచీ ఒకే బొమ్మ, గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. ఒక గ్లాసుకు 18, దాని ఎదుటి గ్లాసుకు 27 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. రెండో దిక్కులోనూ అంతే. అప్పుడు ఏ పక్కన నిలబడ్డా కొండ ఒకవైపు ఒరిగి కనబడుతుంది, చుట్టూ తిరిగి చూడాలనిపిస్తుంది.

దిబ్బ

మొత్తం పనిలో తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే. గోడ దగ్గర తొట్టిలో మట్టి వెనక గ్లాసుకు ఆనుకుని నిలుస్తుంది. ఇక్కడ దాన్ని ఆపేది ఏదీ లేదు. గుళికల ఆక్వాసాయిల్ (అక్వేరియం మొక్కల కోసం అమ్మే మట్టి) సుమారు 30 డిగ్రీల వాలు దాటితే జారుతుంది. అంటే 20 సెంటీమీటర్ల దూరంలో 11 మించి లేవదు. అంతకంటే ఎత్తు కావాలంటే లోపల గట్టి గుండె, బయట రాతి కట్ట ఉండాలి.

అడుగు గ్లాసు మీద పలచటి ఫోమ్ ముక్క వేసి, పెద్ద రాళ్లను దాని మీదే నిలబెట్టండి. మట్టి మీద పెట్టిన రాయి నెల రోజుల్లో ఒరుగుతుంది. నైలాన్ వల సంచుల్లో లావా రాయి ముక్కలు 3–4 లీటర్లు నింపి శిఖరం కింద పేర్చండి. రాళ్ల సందుల్లో ఫిల్టరు దూది (పాలిస్టరుది) కుక్కి, దాని మీద చిన్న లావా ముక్కల్ని జెల్ రకం సూపర్‌గ్లూతో అంటించండి. ఇక్కడ మామూలు పత్తి వాడొద్దు. గ్లూ తగిలిన క్షణంలో వేడెక్కి పొగ లేస్తుంది, వేలు కాలుతుంది. సందులు మూశాక ఆక్వాసాయిల్ పోయండి. గుండెలో లావా ఉంటే 9 లీటర్ల సంచీ ఒకటి సరిపోతుంది. శిఖరం దగ్గర 14–15 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది.

చుట్టూ గ్లాసు పొడవునా 5–6 సెంటీమీటర్ల పట్టీలో ఇసుకే ఉండాలి. మట్టి గ్లాసుకు తగిలితే నాలుగు వైపులా నల్లటి చార, కొన్నాళ్లకు దానిలో పచ్చటి పాచి. మట్టి పోసేటప్పుడు గ్లాసుకు సమాంతరంగా అట్టముక్కలు నిలబెట్టి, లోపల మట్టి, బయట ఇసుక 2–3 సెంటీమీటర్లు నింపి, మెల్లగా అట్టలు పైకి లాగేయాలి. సరిహద్దు వెంట చిన్న రాళ్లు అక్కడక్కడా దిగేయండి. ఎంత జాగ్రత్తపడ్డా కొన్ని గుళికలు ఇసుక మీదికి దొర్లుతాయి, రొయ్యలు ఉంటే ఇంకా ఎక్కువ. అందుకని గుప్పెడు ఇసుక కడిగి విడిగా దాచుకోండి. నెలకోసారి పై పొరను సైఫన్‌తో లాగేసి కొత్తది చల్లితే సరిపోతుంది.

పైపులకు ఒక మూల

దాచడం కుదరదు కాబట్టి ఒక్కచోట చేర్చాలి. ఇంట్లో ఎవరూ ఎక్కువగా కూర్చోని దిక్కున ఉన్న మూలను ఎంచుకుని పైపులు, థర్మామీటరు, వైర్లు అన్నీ అక్కడే ఉంచండి. శిఖరం ఒరిగేది ఆ మూల వైపే. అప్పుడు ఎదుటి రెండు వైపుల నుంచి చూసేవాళ్లకు పైపులు చాలావరకు కొండ చాటున పడతాయి. అటు వాలు నిటారుగా ఉంటుంది కనుక మీ దగ్గరున్న ఎత్తైన రాయి అటే పెట్టండి.

నీళ్లలోంచి చూస్తే పక్క గ్లాసు అద్దంలా పనిచేస్తుంది. ఎదుటి నుంచి చూసేవారికి కొండతో పాటు దాని ప్రతిబింబం కూడా రెండు పక్కలా కనబడుతుంది. పక్క గ్లాసుకు అంటించిన ఒక్క నల్లటి సక్షన్ కప్పు రెండుగా కనబడేది ఇందుకే. గాజు పైపులు, పారదర్శకమైన కప్పులు వాడితే అంతగా కంట పడవు.

గంటకు 400–600 లీటర్ల కానిస్టర్ ఫిల్టరు (తొట్టి బయట ఉంచే డబ్బా రకం) చాలు. నీళ్లు బయటికొచ్చే మూతిని కొండకేసి తిప్పొద్దు. కొండను గుద్దుకుని నీరు చెదిరిపోతుంది, అవతలి వైపు కదలిక ఉండదు, అక్కడే మురికీ పాచీ చేరతాయి. మూతిని ఒక గ్లాసుకు సమాంతరంగా పెడితే నీరు గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు కొండ చుట్టూ తిరిగి పీల్చే పైపు దగ్గరికి వస్తుంది. మేత పొడి చిటికెడు వేసి చూడండి. ఒక పూర్తి చుట్టు తిరగకుండా ఎక్కడ ఆగిందో అక్కడ ప్రవాహం అందడం లేదు.

లైటు

2000–2500 ల్యూమెన్ల ఎల్‌ఈడీ ఒకటి, శిఖరానికి సూటిగా పైన. అంచుకు తగిలించే రకం వద్దు, ఎదురుగా కూర్చున్నవారి కళ్లలో కొడుతుంది. సీలింగు నుంచి వేలాడదీసి, చుట్టూ 3–4 సెంటీమీటర్ల అంచు ఉన్న షేడు పెట్టండి. మొదటి నెల రోజుకు 6 గంటలు, తర్వాత 7–8, టైమరు మీదే నడవాలి. శిఖరం లైటుకు దగ్గర, మూలలు దూరం. కాబట్టి వెలుగు ఎక్కువైతే ముందు పాచి పట్టేది శిఖరానికే. మెల్లగా పెరిగే అనుబియాస్‌ను అక్కడ పెడితే ఆకుల అంచులు నల్లబడతాయి. దాని చోటు దుంగ నీడ.

మొక్కలు

సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువు) ఎక్కించకుండా నడిచే జాబితా ఇది: శిఖరం మీద హైగ్రోఫిలా పాలీస్పెర్మా లేదా రొటాలా రొటుండిఫోలియా, 30 కాడలు. రెండూ మన దేశపు నీళ్లలో పెరిగేవే, కాస్త వేడిని ఓర్చుకుంటాయి. వాటి చుట్టూ క్రిప్టోకోరైన్ వెండ్టీ 5 కుండీలు, దిగువన క్రిప్టోకోరైన్ పార్వా 4 కుండీలు, దుంగకు అనుబియాస్ నానా పెటీట్ 3, జావా ఫెర్న్ 2, రాళ్ల సందుల్లో గుప్పెడు మాస్ (నాచు మొక్క).

నడుమ క్రిప్ట్‌ల వలయం అలంకారం కోసం కాదు. కాడ మొక్కలు పైన వెలుగు తీసుకుని కింద ఆకులు రాల్చుకుంటాయి. ఆ బోడి కాళ్లు గోడ దగ్గర తొట్టిలో ఒక వైపే కనబడతాయి, ఇక్కడ అన్ని వైపులా. 10–12 సెంటీమీటర్ల క్రిప్ట్‌లు వాటికి పావడాలా కప్పుతాయి. వలయంలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు, కానీ ఒత్తు ఒకేలా ఉండనక్కర్లేదు. వాలిస్నేరియా నాటొద్దు. వేరు తీగలతో ఇసుకలోకి పాకి ఆరు నెలల్లో కొండనే మింగేస్తుంది.

కాడల్ని ఒక్కొక్కటిగా పట్టకారుతో 3 సెంటీమీటర్ల లోతు, 2 సెంటీమీటర్ల ఎడం చొప్పున నాటండి. పట్టకారును ఏటవాలుగా దించి, తెరిచి, కొంచెం ఊపుతూ పైకి తీస్తే మొక్క లేచి రాదు. అనుబియాస్, జావా ఫెర్న్‌ల దుంపకాడ మట్టిలో పూడిస్తే కుళ్లుతుంది. దారంతో కట్టండి లేదా గ్లూ పెట్టండి.

నీళ్లు, మొదటి నెల

హైదరాబాద్‌లో చాలా చోట్ల బోరు నీళ్ల టీడీఎస్ 500 దాటుతుంది. ఆర్‌ఓ నీళ్లు కలిపి 150–250కి దించండి. పంపు నీళ్లయితే క్లోరిన్ పోయే మందు వేయాలి. కొండ మీద పాలిథిన్ కవరు కప్పి, సన్నటి గొట్టంతో ఇసుక పట్టీ మీదికి నింపండి. అరగంట పడుతుంది. బకెట్టుతో కుమ్మరిస్తే పొద్దుటి నుంచీ కట్టిన వాలు ఒక్క నిమిషంలో కిందికొచ్చేస్తుంది.

కొత్త ఆక్వాసాయిల్ అమ్మోనియా వదులుతుంది. మొదటి వారం రోజూ సగం నీళ్లు, రెండో వారం రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు, నెల దాటాక వారానికి 30 శాతం మార్చండి. క్రిప్ట్ ఆకులు కరిగిపోతే పీకేయకండి, వేరు బతికుంటే మళ్లీ చిగురిస్తుంది. రెండు మూడు వారాలకు గోధుమరంగు పొర రావడం మామూలే, తుడిస్తే పోతుంది.

వేసవిలో నీళ్లు 31–32 డిగ్రీలకు పోతాయి. నీటిమీదికి చిన్న ఫ్యాను తిప్పితే 2–3 డిగ్రీలు తగ్గుతుంది. రోజుకు లీటరు వరకూ ఆవిరవుతుంది కూడా. ఆ లోటు ఆర్‌ఓ నీళ్లతోనే తీర్చండి. బోరు నీళ్లు పోస్తే లవణాలు పేరుకుంటాయి.

చేపలు

పరీక్ష కిట్టులో అమ్మోనియా, నైట్రైట్ (రెండూ చేపలకు విషమే) సున్నా చూపించాకే, అంటే సుమారు 4–5 వారాలకు. ఎంబర్ టెట్రాలు 12, చెర్రీ రొయ్యలు 10 చాలు. నాలుగు దిక్కులా మనుషులు తిరుగుతుంటే చేపలు బెదురుతాయి, రంగు పాలిపోతుంది, కొన్ని దూకేస్తాయి. పైన గ్లాసు మూత ఉంచండి, ఫ్యాను తిరిగే రోజుల్లో దాని బదులు సన్నటి వల. మొదటి పది రోజులు ఎదురెదురుగా ఉన్న రెండు గ్లాసులకు బయట కాగితం అంటించండి. దుంగ కింద అరచేతంత చీకటి గుహ వదిలితే అవి అక్కడి నుంచి కొద్దికొద్దిగా బయటికి రావడం అలవాటు చేసుకుంటాయి.

కత్తిరింపు

కాడలు నీటిమట్టానికి 8 సెంటీమీటర్ల దిగువకు రాగానే మొదటి కోత. ఫిల్టరు ఆపి, శిఖరం దగ్గర ఎత్తుగా, అంచుల్లో 5–6 సెంటీమీటర్లు తక్కువగా, గొడుగు ఆకారంలో కోయండి. కోసిన చోట సాధారణంగా రెండు చిగుళ్లు వస్తాయి కాబట్టి అనుకున్న ఎత్తుకంటే 5 సెంటీమీటర్లు కిందికే తెగాలి. ప్రతి నాలుగైదు కోతలకు కత్తెర దించి ఒకసారి చుట్టూ తిరిగి రండి. ఒకే పక్క నిలబడి కోస్తే ఆ పక్క గుండ్రంగా, అవతల చెట్టు నరికినట్టు తయారవుతుంది. కిటికీ వైపు కొమ్మలు ఎప్పుడూ కొంచెం ముందుంటాయి, అటు ఒక వేలెడు ఎక్కువ తీయండి. మూడు నాలుగు కోతల తర్వాత కాళ్లు మరీ బోడిగా ఉంటే తలలు కోసి పక్కన పెట్టి, పాత మొదళ్లు పీకేసి, ఆ తలలనే మళ్లీ నాటాలి. పీకేటప్పుడు మొదలు పక్కన మట్టిని రెండు వేళ్లతో అదిమి పట్టండి, లేకపోతే వేరుతో పాటు వాలు కూడా కదిలి వస్తుంది.