వెలిసిన కారు రంగుకి ఇంట్లోనే మెరుపు తెప్పించడం ఎలా?

మెరుపు తెప్పించడమంటే పైన ఏదో పూయడం అనుకుంటారు. కాదు, పైన ఉన్నదాన్ని కొంచెం అరగదీయడం. ఇది తెలియక చేతులు నొప్పెట్టేదాకా కాంపౌండ్ (పైపొరని అరగదీసే పేస్టు) రుద్ది, ఆ తర్వాత బానెట్ పొరలు పొరలుగా లేచిపోతోందని ఏడ్చేవాళ్లని చాలామందిని చూశాను.

ఇప్పటి కార్లకి రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. మందం సుమారు 40-50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పల్చన. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనం ఉండేది ఇందులోనే. ఏళ్ల తరబడి ఎండలో నిలబడితే ఆ రసాయనం తరిగిపోయి పైపొర మసకబారుతుంది. అందుకే బానెట్, టాప్ ముందు పాడవుతాయి, తలుపులు ఆలస్యంగా. ఇక పక్షి రెట్టలు, బోరు నీళ్ల తెల్ల మరకలు, పొడిగుడ్డతో దుమ్ము దులపడం ఎలాగూ ఉన్నాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఒకే బకెట్ నీళ్లు, ఒకే గుడ్డతో ఏడు కార్లు తుడిచే పద్ధతి గురించి నేను మాట్లాడను. మాట్లాడితే బీపీ పెరుగుతుంది.

కావలసినవి: కార్ షాంపూ, క్లే బార్ (రంగుకి అంటుకున్న మురికిని లాగేసే బంకముద్ద), మాస్కింగ్ టేపు, మీడియం కాంపౌండ్, ఫోమ్ ప్యాడ్లు, వ్యాక్స్, డజను మైక్రోఫైబర్ గుడ్డలు, డ్యుయల్ యాక్షన్ పాలిషర్ (తిరుగుతూనే పక్కలకీ ఊగే మెషీన్). గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మెషీన్ వద్దు. అది ఒకేచోట వేడెక్కిస్తుంది.

పొద్దున ఆరింటికి, నీడలో మొదలుపెట్టండి. షాంపూతో కడగండి. షాంపూ నీళ్లు చల్లుతూ క్లే బార్‌తో మెల్లగా రాయండి. క్లే కింద పడితే పారేయాల్సిందే, ఇసుక అంటుకుంటుంది. తర్వాత రంగు వేయని నల్ల ప్లాస్టిక్ అంతటికీ టేపు వేయండి. కాంపౌండ్ దానికి అంటితే తెల్ల మరక ఒక పట్టాన పోదు.

ఇక అసలు పని. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఆగండి. కనబడని మూల కొంచెం కాంపౌండ్ తెల్లగుడ్డతో రుద్దండి. గుడ్డకి కారు రంగు అంటితే దానికి క్లియర్ కోట్ లేనట్టు, లేదా ఉన్నది అరిగిపోయినట్టు. మొదటిదైతే చాలా తక్కువ రుద్దాలి, రెండోదైతే ముట్టుకోకండి. అలాగే ఎక్కడైనా పొర లేచి, అంచులు తెల్లగా కనిపిస్తుంటే పాలిష్ మానేయండి. దానికి మందు మళ్లీ పెయింటే. ఎవరు ఏం చెప్పినా నమ్మకండి.

బానెట్ మడత గీతల మీద, తలుపు అంచుల మీద పొర ఇంకా పల్చగా ఉంటుంది. అక్కడా టేపు వేయండి. నేను మొదట్లో వేయలేదు. నా కారు బానెట్ అంచు మీద రూపాయి బిళ్లంత బూడిదరంగు ప్రైమర్ (రంగు కింద వేసే పూత) తేలింది. ఆ మచ్చ ఆ కారు అమ్మేదాకా నన్ను వెక్కిరించింది.

ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు నాలుగు చాలు. రెండడుగుల చదరం తీసుకుని, మెషీన్ బరువే ఒత్తిడిగా, మెల్లగా అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి. తుడిచి చూడండి. సరిపోకపోతే ఇంకోసారి, అంతే. రంగు వేసిన ప్లాస్టిక్ బంపర్ల మీద ఒక్కసారితోనే సరిపెట్టండి, వాటిలో వేడి త్వరగా బయటికి పోదు. గోరు తగిలేంత లోతు గీత ఉంటే వదిలేయండి. దాన్ని పోగొట్టాలని చుట్టూ ఉన్న మంచి పొరని తినేయకండి.

వ్యాక్స్ సంగతి తేలిక. పల్చగా పూసి, ఆరాక తుడవండి. మూడు నెలలకోసారి మళ్లీ వేయండి.

ఇప్పుడు టేపు తీసి నల్ల ప్లాస్టిక్ చూడండి. ఎండకి దాని పైపొర చిట్లి సన్నని పగుళ్లు పడతాయి. వాటి మీద పడ్డ వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. కొబ్బరినూనె పూస్తే పగుళ్లు నిండి నల్లగానే మెరుస్తుంది, ఒక్క వాన పడేదాకా. పైగా దుమ్మంతా దానికే. హీట్ గన్‌తో కాల్చేవాళ్లూ ఉన్నారు. అదీ కొంతకాలమే, చెయ్యి ఆగితే ప్లాస్టిక్ కరుగుతుంది. జిడ్డు పోయేలా బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ట్రిమ్ కోటింగ్ (ఈ నల్ల ప్లాస్టిక్ కోసమే అమ్మే పూత) పల్చగా రెండుసార్లు పూయండి. ఆ రోజు మబ్బు పట్టి ఉంటే మాత్రం ఈ ఒక్క పని మర్నాటికి వాయిదా వేయండి.