ప్రాజెక్టులో మహిళల గ్రూపు: పెట్టేముందు చూసుకోవలసినవి, పెట్టాక నడిపే తీరు

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో, అంటే ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగల చోట, మహిళలకు గ్రూపు అనగానే కోడ్‌కి ఆడా మగా తేడా ఏముంది, వేరే గ్రూపు ఎందుకు అని అడుగుతుంటారు. కోడ్‌కి లేదు, కోడ్ దాకా వచ్చే దారికి ఉంది. 2006లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ (విద్యార్థులకు డబ్బిచ్చి ఓపెన్ సోర్స్ పని చేయించే కార్యక్రమం) కోసం లినక్స్ డెస్క్‌టాప్ ప్రాజెక్టు గ్నోమ్‌కు 181 దరఖాస్తులు వస్తే అందులో మహిళలవి సున్నా. ఆ వేసవిలోనే గ్నోమ్ మహిళలకంటూ విడిగా ఒక కార్యక్రమం ప్రకటిస్తే సుమారు వంద వచ్చాయి. అర్హులు లేక కాదు, తమను పిలుస్తున్నారని అనిపించక రాలేదన్నమాట. 2010లో మళ్ళీ మొదలైన ఆ కార్యక్రమమే ఇప్పటి అవుట్‌రీచీ అనే ఇంటర్న్‌షిప్ కార్యక్రమం.

అలాగని ప్రతి ప్రాజెక్టుకూ గ్రూపే మందు కాదు. ముందు జనం ఎక్కడ జారిపోతున్నారో చూడండి. ఏడాది రికార్డు తీసి నాలుగు లెక్కలు వేయండి: చాట్‌లో చేరినవాళ్ళు, మొదటి ఇష్యూ (లోపం గురించో, చేయాల్సిన పని గురించో పెట్టే నమోదు) తెరిచినవాళ్ళు, మొదటి ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపినవాళ్ళు, రెండో ప్యాచ్ పంపినవాళ్ళు. పేర్లు చూసి ఎవరు ఆడో ఎవరు మగో ఊహించవద్దు, ఆ లెక్క తప్పుతుంది. స్వచ్ఛంద సర్వే పెట్టి, అందులో ‘చెప్పదలచుకోలేదు’ అనే గడి తప్పక ఉంచండి. అసలు ఎవరూ రావడం లేదంటే గ్రూపు పనికొస్తుంది. ఒక ప్యాచ్ పంపి మాయమవుతున్నారంటే లోపం రివ్యూలో, అంటే వచ్చిన ప్యాచ్‌ను పరిశీలించే తీరులో ఉంది, అక్కడ గ్రూపు పెట్టడం కారుతున్న కప్పు కింద గిన్నె పెట్టడమే. దూషణలు ఉంటే ముందు ప్రవర్తనా నియమావళిని నిజంగా అమలు చేయండి.

పెట్టాలనుకుంటే రెండు ఛానెళ్ళు కావాలి. ఒకటి అందరికీ తెరిచినది. డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టులో 2004లో మొదలైన డెబియన్ విమెన్‌లో మగవాళ్ళూ చేరవచ్చు, సాంకేతిక ప్రశ్నలకు ఆ పద్ధతే మేలు. రెండోది చిన్నది, మూసి ఉన్నది. దాన్ని తెరిచేముందు బ్రిడ్జి బాట్‌లు (ఒక చాట్‌లోని మాటలను ఇంకో చాట్‌కు చేరవేసే ప్రోగ్రాములు) చూసుకోండి: మ్యాట్రిక్స్ అనే చాట్ నుంచి ఐఆర్‌సీ అనే పాత చాట్‌కు బ్రిడ్జి ఉండి, అక్కడ మాటలన్నీ అందరికీ కనబడేలా నమోదయ్యే పబ్లిక్ లాగింగ్ ఉంటే, లోపలి మాటలు వెబ్‌లో తేలతాయి. చేరేవాళ్ళను రుజువులు అడగవద్దు, తాము ఎవరమని చెప్పుకుంటే అదే చాలు. ట్రాన్స్ మహిళలకూ స్థానం ఉందని నియమాల్లో మొదటి వాక్యంలోనే రాయండి, లేకపోతే మొదటి గొడవ అక్కడే. మోడరేటర్లు కనీసం ముగ్గురు, వేర్వేరు టైమ్‌జోన్లలో. వాళ్ళలో ఒకరికైనా కమిట్ హక్కు, అంటే ప్రాజెక్టు కోడ్‌లో నేరుగా మార్పులు చేర్చే అధికారం ఉండాలి. అది లేని గ్రూపు కబుర్లకే పరిమితమవుతుంది.

ఇక అసలు పని. నెలకు ఐదు చిన్న ఇష్యూలు సిద్ధం చేయండి. ‘పార్సర్‌లో ఎర్రర్ మెసేజ్ బాగుచేయాలి’ అని రాస్తే కొత్తవాళ్ళకు ఏమీ అందదు. ఏ ఫైలు, ఏ ఫంక్షన్, ఇప్పుడు ఏం వస్తోంది, ఏం రావాలి, టెస్ట్ నడిపే కమాండ్ ఏమిటి: ఈ ఐదూ ఉండాలి. రివ్యూకి 72 గంటల గడువు పెట్టుకోండి. పంపిన మార్పును తాజా కోడ్ మీదకు తెచ్చుకోమనడానికి ‘రీబేస్ చెయ్యండి’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా, ‘మీరు బ్రాంచి తీశాక మెయిన్‌లో ఇదే ఫైలు మారింది, ముందు గిట్ ఫెచ్, తర్వాత ఆరిజిన్ మెయిన్ మీదకు రీబేస్’ అని రాయండి. రెండు నిమిషాల పని.

ప్యాచ్ ప్రధాన రిపాజిటరీలోకే (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటుకే), రాసినామె పేరుతోనే వెళ్ళాలి. మెంటర్ దాన్ని సరిచేసి తన పేరుతో కమిట్ చేయడం తరచూ జరిగే తప్పు. మెంటర్ కమిట్ చేయక తప్పకపోతే, కమిట్ సందేశం చివర ఒక ఖాళీ లైను వదిలి ఆమె పేరు, ఈమెయిల్‌తో ‘కో-ఆథర్డ్-బై’ (Co-authored-by:) లైను పెట్టండి. అందులోని ఈమెయిల్ ఆమె ఖాతాకు జతచేసినదే కావాలి, లేదంటే కోడ్ ఉంచే సైటు గిట్‌హబ్‌లో ఆ పని ఆమె ఖాతాలో పడదు.

చెడేది ఎక్కడంటే, డాక్యుమెంటేషన్, అనువాదం, ఈవెంట్ ఏర్పాట్లు మెల్లగా ఈ గ్రూపు నెత్తిన పడతాయి. ఎవరైనా వేధింపు గురించి చెబితే ‘మీ మోడరేటర్లకు చెప్పండి’ అంటారు. ఫిర్యాదులు నియమావళి కమిటీకే వెళ్ళాలి, మోడరేటర్లకు విచారణ బాధ్యత అప్పగించకండి. ప్రధాన ఛానెల్‌లో ఒకామె ప్రశ్న అడిగితే ‘ఆ గ్రూపులో అడగండి’ అనే జవాబు వినిపించిందా, ఆ రోజే ఆపించండి. గ్రూపు గుమ్మంలా ఉండాల్సింది, గదిలా మారుతోందని దానర్థం.

పన్నెండు నెలలకు మళ్ళీ ఆ నాలుగు లెక్కలే వేసి, కమిట్ హక్కు ఎందరికి వచ్చిందో ఐదోదిగా కలపండి. సభ్యుల సంఖ్య పెరిగి ఐదో అంకె సున్నాగానే ఉంటే కొత్త సభ్యులను చేర్చడం ఆపి, మెయింటెయినర్లను (ప్రాజెక్టు నడిపేవాళ్ళను) కూర్చోబెట్టి రివ్యూ కోసం ఎదురుచూస్తున్న ప్యాచ్‌ల వరుస తెరిచి చూడండి.